నిరంతర ఇంటర్వ్యూ

విశ్వవిద్యాలయంలో లెక్చరరు కావాలంటే ముందు పీజీ చదవాలి. తర్వాత నెట్టో సెట్టో గట్టెక్కాలి. ఆపైన పీహెచ్‌డీ పుచ్చుకోవాలి. ఇవన్నీ అయ్యాక ఉద్యోగం ఖాళీ ఉండాలి. మొదటి మూడూ తన చేతిలోవి గనక డాక్టర్ వన్నూరప్ప సాధించాడు. నాలుగోది ప్రభుత్వం చేతిలోది గనక ఎదురుచూశాడు.

ఎదురుచూసినన్నాళ్లూ ఊరికే కూర్చోలేదు. చిత్రావతి విశ్వవిద్యాలయం భూగోళశాస్త్ర విభాగంలో గెస్టు లెక్చరరుగా పాఠాలు చెప్పాడు. గెస్టంటే అతిథి. అతిథి దేవుడితో సమానం గనక విశ్వవిద్యాలయం అతన్ని దేవుడిలాగే చూసుకునేది, నైవేద్యం చూపించి తీసేసేది. వేసవి సెలవుల్లో జీతం లేదు. స్టాఫ్ రూములో కుర్చీ లేదు. విశ్వవిద్యాలయమంతటా పర్మినెంటు లెక్చరర్లు ఒక్కొక్కరే రిటైరైపోతూ వచ్చారు. భూగోళశాస్త్రంలో మిగిలిన ఆఖరాయన వెళ్తూ వెళ్తూ బీరువా తాళంచెవి వన్నూరప్ప చేతిలో పెట్టి వెళ్లాడు. ఆ రోజు నుంచి విభాగమంటే అతనే.

పాఠం చెప్పడమంటే అతనికి ప్రాణం. పుట్టింది వాన మొహం చూడని ఊళ్లో. మబ్బులు వచ్చినట్టే వచ్చి, కొండకు అవతలే కురిసి చక్కా పోవడం చిన్నప్పటి నుంచి చూశాడు. అదెందుకో తేల్చుకుందామనే భూగోళశాస్త్రం పట్టాడు. నైరుతి ఋతుపవనాల గురించి అతను చెప్తుంటే, మండుటెండల్లో కూడా పిల్లలు కిటికీలోంచి బయటికి తొంగిచూసేవారు, హాస్టల్ మేడ మీద బట్టలు ఆరేసి వచ్చామే అన్నట్టు.

భార్య గౌరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నర్సు. ఇంట్లో పర్మినెంటు ఉద్యోగి ఆమె ఒక్కతే.

అలా ఉండగా కొత్త వైస్ చాన్సలరుగా ఆచార్య విశ్వంభర్ వచ్చారు. నాణ్యత అంటే చెవి కోసుకునే మనిషి. నాణ్యమైన బోధన గురించి దేశదేశాల సదస్సుల్లో మాట్లాడి మాట్లాడి, క్లాసులో మాట్లాడడానికి ఆయనకు ఏనాడూ తీరిక దొరకలేదు. వచ్చీరాగానే లెక్చరరు పోస్టులన్నింటికీ ప్రకటన ఇప్పించారు. ఆ సాయంత్రం గౌరి కేసరిబాత్ చేసి చుట్టుపక్కల ఇళ్లకు కూడా పంచింది.

మర్నాడు గెస్టు లెక్చరర్లందరినీ సెనేట్ హాలుకు పిలిచారు.

"బోధన అనునది ఒక కళ" అన్నారు వీసీ గారు. "కళను పత్రముల ద్వారా నిర్ధారింపజాలము. కావున ఇకమీదట అభ్యర్థి యొక్క ఎంపిక, వాస్తవ విద్యార్థుల సమక్షంలో, ప్రదర్శనాత్మక తరగతి ద్వారా మాత్రమే జరుగుతుంది. తరగతి గదిని మించిన ఇంటర్వ్యూ గది ప్రపంచంలో లేదు."

అందరూ చప్పట్లు కొట్టారు. వన్నూరప్ప మరీ గట్టిగా కొట్టాడు. క్లాసులో పాఠం చెప్పమంటే అతనికింకేం కావాలి?

చప్పట్లు ఆగాక రిజిస్ట్రార్ చెన్నకేశవులు లేచి, ఉత్తర్వులో మిగతా సగం చదివారు. గెస్టు లెక్చరర్లు పిల్లలకు ముందే తెలిసినవారు. తెలిసినవారు చెప్తే పిల్లలకు పాఠం సులువుగా అర్థమవుతుంది. ఇది ఇతర అభ్యర్థుల పట్ల అన్యాయం. కాబట్టి గెస్టు లెక్చరర్లందరినీ ఈ క్షణం నుంచి తొలగించడమైనది. వారు కూడా బయటివారిలాగే దరఖాస్తు పెట్టుకోవచ్చును.

మరి నియామకాలు అయ్యేదాకా పాఠాలు చెప్పేదెవరని వన్నూరప్ప లేచి అడిగాడు.

"ఆ సందేహం నిరాధారం" అన్నారు రిజిస్ట్రార్. "డెమో ఇచ్చు ప్రతి అభ్యర్థీ వరుసలో తదుపరి పాఠమునే బోధించవలెను. ఎంపిక సంఘం సంపూర్ణ సంతృప్తి వ్యక్తం చేయునంతవరకు డెమోలు కొనసాగును."

డెమోలు మొదలయ్యాయి. చుట్టుపక్కల జిల్లాల నుంచి, పక్క రాష్ట్రం నుంచి డాక్టరేట్లు బస్సులు దిగి వచ్చారు. ప్రతివారూ తమకు బాగా వచ్చిన పాఠం ఒకటి గడగడా వల్లెవేసుకుని వచ్చేవారు. ఇక్కడికొచ్చాక వరుసలో ఉన్న పాఠం చేతికిచ్చేవారు. సునామీ పాఠం తయారుచేసుకుని వచ్చిన ఒకాయనకు ఎడారులు తగిలాయి. ఆయన ఏమాత్రం తొణక్కుండా సునామీని థార్ ఎడారి దాకా తెచ్చి వదిలాడు. ఎంపిక సంఘం ఇంకా సమావేశం కాలేదు గనక గది మూల ఒక కెమెరా పెట్టారు. ప్రతి పాఠం చివరా దాని మీద "పరిశీలనార్థం భద్రపరచడమైనది" అని ఒక చీటీ అతికించేవారు.

ఎవరైనా అభ్యర్థి రాకపోతే అక్కడే వేచి ఉన్నవారికి మరో అవకాశం ఇస్తారన్నారు. అందుకని వన్నూరప్ప రోజూ పొద్దున్నే వచ్చి, క్లాసుకూ ఆఫీసుకూ మధ్య వరండా బెంచీ మీద కూర్చునేవాడు. క్లాసు వదిలాక పిల్లలు ఆ బెంచీ చుట్టూ మూగేవారు. వాళ్లలో రేష్మా అనే అమ్మాయి ఉండేది. ఏదీ అర్థం కాకుండా వదిలే రకం కాదు.

"సార్, ఈపొద్దు వచ్చినాయప్ప గంటసేపూ తన గురించే చెప్పుకున్యాడు" అంది ఆమె మొదటివారంలో. "భూమి పుట్టుక మాకేమీ అర్థం కాలే గానీ, ఆయప్ప పుట్టుక బాగా అర్థమాయ."

వన్నూరప్ప నవ్వి, బెంచీ మీదే భూమిని మళ్లీ మొదటి నుంచి పుట్టించాడు.

క్రమంగా దూరం నుంచి వచ్చేవారు తగ్గారు. చాలా రోజులు బెంచీ మీది వన్నూరప్పనే లోపలికి పిలిచేవారు. అదే గది, అదే బోర్డు, అవే పాఠాలు, అదే పిల్లలు. తేడా ఒక్కటే. పాఠానికి ముందు తన పేరు, అర్హతలు చెప్పుకోవాలి. చివర్లో అవకాశం ఇచ్చినందుకు కెమెరాకు నమస్కారం పెట్టాలి. పిల్లలకు మొదట్లో నవ్వొచ్చేది. తర్వాత అతను నమస్కారం పెట్టేటప్పుడు వాళ్లు తల వంచుకుని పుస్తకాలు సర్దుకునేవారు. వాళ్లు అలా తల వంచుకోవడమే అతనికి ఎక్కువ కష్టంగా ఉండేది.

విద్యాసంవత్సరం చివర రిజిస్ట్రార్ గారు ఒక అద్భుతం గమనించారు. ఒక్క లెక్చరరునూ నియమించకుండానే అన్ని విభాగాల్లోనూ సిలబస్ పూర్తయిపోయింది. వెంటనే పాలకమండలి సమావేశమైంది. నియామకాలు ఎప్పుడు ముగిద్దామని ఒక సభ్యుడు అమాయకంగా అడిగాడట. దానికి వీసీ గారు ఇచ్చిన జవాబును తర్వాత పాలరాతి మీద చెక్కించి ముఖద్వారం దగ్గర పెట్టారు: "నియామకం ఎంపికకు ముగింపు. ముగింపు స్తబ్ధత. స్తబ్ధత నాణ్యతకు శత్రువు."

దాంతో ఆ పద్ధతికి నిరంతర ఎంపిక విధానమని పేరు పెట్టి శాశ్వతం చేశారు. డెమోతో పాటు మిగతా దశలు కూడా వచ్చాయి. మూల్యాంకన నైపుణ్యం పరీక్షించడానికి అభ్యర్థులచేత జవాబు పత్రాలు దిద్దించారు. సంక్షోభ నిర్వహణ పరీక్షించడానికి హాస్టల్ వార్డెన్లను చేసి, సాంబారులో పప్పు లేదని పిల్లలు గొడవ చేసే రోజు చూసి పంపారు. సామాజిక స్పృహ పరీక్షించడానికి చేతికి గడ్డపారలిచ్చి మొక్కల కోసం గుంతలు తవ్వమన్నారు. కింద పలక రాయి ఉంది, ఇక్కడ మొక్క బతకదు అని వన్నూరప్ప అన్నందుకు, వ్యతిరేక దృక్పథం కింద అతనికి మార్కులు తగ్గించారు.

ఆ ఏడే గుర్తింపు సంఘం వారు తనిఖీకి వచ్చారు. మామూలుగా వారు ఒక్కో అధ్యాపకుడికి ఎందరు విద్యార్థులని లెక్క చూస్తారు. ఇక్కడ డెమో ఇచ్చిన ప్రతివారినీ లెక్కేస్తే ఒక్కో విద్యార్థికి ఇద్దరు ముగ్గురు అధ్యాపకులు తేలారు. అంతమంది పండితులు గుంతలు తవ్వుతూ కనిపించేసరికి వారి కళ్లు చెమర్చాయి. అత్యున్నత గ్రేడు ఇచ్చి వెళ్లారు. చుట్టుపక్కల విశ్వవిద్యాలయాలు కూడా వచ్చి చూసి, పద్ధతి రాసుకుని పోయి, తమ గెస్టులను సాగనంపాయి.

ఈ లోపల బళ్లారిలో ఒక బడివాళ్లు వన్నూరప్పకు కబురు పెట్టారు. హైస్కూలు పిల్లలకు సోషల్ చెప్పాలి. చేరిన రోజు నుంచే పర్మినెంటు. గౌరి ఆ సంగతి విని అన్నం వడ్డిస్తూ అంది:

"ఆస్పత్రిలో నన్ను గూడా ఇట్లనే చేసింటే ఎట్లుండు? సూది వేసేది వచ్చునో రాదో చూస్తామని ఊరందరికీ నాతో సూదులేపించి, కడాకు చూస్తాండాం పోమ్మా అనుంటే? నువ్వు ఇన్నాళ్లూ పోయింది ఉద్యోగానికా, ఉద్యోగం అడుక్కునేదానికా? బళ్లారోళ్లకు ఏమి చెప్తావో తొందరగా చెప్పు."

వన్నూరప్పకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు నేరుగా రిజిస్ట్రార్ గదికి వెళ్లి, తాను తప్పుకుంటే ఏమవుతుందని అడిగాడు.

"ప్రక్రియ మధ్యలో వైదొలగిన అభ్యర్థి శాశ్వతంగా అనర్హుడు" అన్నారు చెన్నకేశవులు. "ప్రక్రియ నిరంతరం గనుక, తాము ఎప్పుడు వైదొలగినా మధ్యలో వైదొలగినట్లే."

ఎంపిక సంఘం ఎప్పుడు కూర్చుంటుందో అదైనా చెప్పమన్నాడు. సంఘంలో ఒక పర్మినెంటు లెక్చరరు సభ్యుడిగా ఉండి తీరాలట. ప్రస్తుతం విశ్వవిద్యాలయంలో పర్మినెంటు లెక్చరరు ఒక్కరూ లేరు. ఒకరు ఉండాలంటే సంఘం కూర్చోవాలి. ఈ ముక్క చెప్పేటప్పుడు రిజిస్ట్రార్ గారి ముఖంలో ఒక ప్రశాంతత కనిపించింది.

బయటికొచ్చేసరికి బెంచీ దగ్గర రేష్మా, ఆమె వెనక మరో నలుగురు నిలబడి ఉన్నారు. ఋతుపవనాలు సగంలో ఆగిపోయాయి, పరీక్ష దగ్గరపడింది. వన్నూరప్ప కూర్చుని చెప్పడం మొదలుపెట్టాడు. చెప్తూ చెప్తూ, ఇవాళ తన పేరూ అర్హతలూ చెప్పుకోలేదని గమనించాడు. అక్కడ కెమెరా లేదు. ఎంతో హాయిగా అనిపించింది. ఇంటికెళ్లి బళ్లారికి మరికొంత గడువు కావాలని రాశాడు. గడువిచ్చే ఓపిక లేక వాళ్లు ఇంకొకరిని పెట్టుకున్నారు. ఆ సంగతి గౌరికి ఎలా చెప్పాలా అని రెండు మూడు రోజులు దొంగలా తిరిగాడు. ఆమెకు అప్పటికే తెలిసిపోయింది. ఒక్క మాటా అనకుండా రోజూలాగే బొరుగుల ఉగ్గాణి క్యారియర్లో పెట్టి చేతికిచ్చింది. తిట్టుంటే బాగుండునని అతనికి అనిపించింది.

ఇంతలో విశ్వంభర్ గారి పదవీకాలం ముగిసింది. ఇన్ని ప్రశంసలు వచ్చాయి గనక మళ్లీ తననే వేస్తారని ఆయన నిశ్చింతగా ఉన్నారు. బంగళాకు కొత్త రంగులు కూడా వేయించారు. ప్రభుత్వం నుంచి ఉత్తర్వు వచ్చింది. అందులో మొదటి సగం నిరంతర ఎంపిక విధానాన్ని ఆకాశానికెత్తింది. రెండో సగం, అంతటి గొప్ప విధానాన్ని వైస్ చాన్సలరు పదవికి వర్తింపజేయకపోవడం తగదంది. ఇకపై అభ్యర్థులు ఒక్కొక్కరు ఒక్కొక్క రోజు వైస్ చాన్సలరుగా డెమో ఇవ్వాలి. ప్రస్తుత వైస్ చాన్సలరు సిబ్బందికి తెలిసినవారు గనక, ఆయనను ఈ క్షణం నుంచి తొలగించడమైనది. వారు కూడా బయటివారిలాగే దరఖాస్తు పెట్టుకోవచ్చును.

రోజుకొక వీసీ రావడం మొదలైంది. పొద్దున దండ, సాయంత్రం వీడ్కోలు. పొద్దున వేసిన దండే సాయంత్రమూ పనికొచ్చేది. ప్రతివారూ ఏదో ఒక శంకుస్థాపన చేసి గానీ వెళ్లేవారు కాదు. గుంతలు ముందే తవ్వి ఉన్నాయి గనక రాళ్లు పాతడం తేలికైంది. ప్రాంగణం దూరం నుంచి సమాధుల దొడ్డిలా కనిపించసాగింది.

పరిపాలనా దక్షత నిరూపించుకోవడానికి ప్రతి అభ్యర్థీ నిజమైన ఫైలు ఒకటి పరిష్కరించాలని ప్రభుత్వం షరతు పెట్టింది. ఎలా పరిష్కరించినా ఎవరికీ నష్టం లేని ఫైలు కోసం రిజిస్ట్రార్ గారు వెతికి వెతికి, తనను పర్మినెంటు చేయమని వన్నూరప్ప ఎప్పుడో పెట్టుకున్న అర్జీని బయటికి తీశారు. ఒకాయన ఔదార్యం చూపి మంజూరు చేసేవారు. మర్నాటాయన క్రమశిక్షణ చూపి కొట్టేసేవారు. వన్నూరప్ప సోమవారం లెక్చరరై, మంగళవారం అభ్యర్థయి, బుధవారం మళ్లీ లెక్చరరయ్యేవాడు. సాయంత్రం గుమ్మంలో అడుగు పెట్టగానే గౌరి, కరెంటు గురించి అడిగినట్టు, "ఈపొద్దు ఉండాదా, పాయనా?" అని అడిగేది.

విశ్వంభర్ గారి వంతు కూడా వచ్చింది. ఆ వేళకు అర్జీ కొట్టివేతలో ఉంది. ఆయన ఆటో దిగి వచ్చారు. అభ్యర్థి గనక పిలిచేదాకా బయట కూర్చోమన్నారు. వరండాలో ఉన్నది ఒకే బెంచీ. దాని మీద వన్నూరప్ప ఉన్నాడు. ఆయన్ను చూసి లేచి నిలబడి చోటిచ్చాడు. రిజిస్ట్రార్ గారు అటుగా రెండు సార్లు వెళ్లారు గానీ, అభ్యర్థులతో మాట్లాడడం నిబంధనలకు విరుద్ధం గనక తల తిప్పుకున్నారు. కాఫీ ట్రే కూడా బెంచీ ముందు నుంచే లోపలికి వెళ్లిపోయింది.

వన్నూరప్ప క్యారియర్ విప్పి, మూతలో కాస్త ఉగ్గాణి పెట్టి ఆయనకిచ్చాడు. విశ్వంభర్ గారు మొహమాటపడి, తీసుకుని, మొత్తం తిన్నారు.

"ఎన్నాళ్లయింది నువ్విలా కూర్చుని?" అని అడిగారు చివరికి.

"మీరు వచ్చినప్పటి నుంచీ సార్."

"కోపం రాదా నా మీద?"

వన్నూరప్ప కొంచెం ఆలోచించాడు. "వస్తాది సార్. నన్ను క్లాసులోకి పిలుస్తానే మర్చిపోతా" అన్నాడు.

కొంతసేపటికి విశ్వంభర్ గారిని లోపలికి పిలిచారు. అలవాటైన కుర్చీలో ఆయన అంచున కూర్చున్నారు. శంకుస్థాపన వద్దన్నారు. ఉపన్యాసం వద్దన్నారు. ఫైలు తెమ్మని, ముందు నుంచి చివరిదాకా చదివి, సంతకం చేసి, దండ వేయించుకోకుండానే ఆటో ఎక్కి వెళ్లిపోయారు.

మర్నాడు ఆ సంతకాన్ని కొట్టేయవలసిన అభ్యర్థి రాలేదు. ఆయనకు వేరేచోట ఏదో ప్రైవేటు విశ్వవిద్యాలయంలో నిజంగానే వీసీ ఉద్యోగం దొరికిందట. జాబితాలో ఆయనే చివరివాడు. కొత్త జాబితా పంపే సంగతి ప్రభుత్వం మరిచిపోయింది. వారం గడిచినా పర్మినెంటు ఉత్తర్వు ఉత్తర్వులాగే ఉండిపోయేసరికి, ఇన్‌ఛార్జి వీసీ బాధ్యతలు కూడా చూస్తున్న చెన్నకేశవులు గారు వన్నూరప్పను పిలిపించి, మొట్టమొదటిసారి "కూర్చోండి" అన్నారు.

విశ్వవిద్యాలయంలో ఏకైక పర్మినెంటు లెక్చరరు గనక అతను ఎంపిక సంఘంలో సభ్యుడయ్యాడు. ఇక సంఘం సమావేశం కావచ్చును. భద్రపరిచిన డెమోలన్నీ మొదటి నుంచి చూడవలసి ఉంటుందని, ఈలోగా కొత్త డెమోలు యథావిధిగా జరుగుతుంటాయని రిజిస్ట్రార్ గారు వివరించారు. వరండాలో అప్పటికే బెంచీ చాలక అభ్యర్థులు మెట్ల మీద కూర్చుని ఉన్నారు. కిటికీలోంచి వన్నూరప్పకు వాళ్ల చేతుల్లోని క్యారియర్లు కనిపించాయి.

అతను తెల్లకాగితం అడిగి, ఇంతవరకు డెమో ఇచ్చిన అభ్యర్థులందరి పట్లా తాను సంపూర్ణ సంతృప్తి వ్యక్తం చేస్తున్నానని రాసి, సంతకం పెట్టి ఇచ్చాడు.

రిజిస్ట్రార్ గారు కాగితాన్ని రెండు వైపులా చూశారు. "అందరి పట్లా సంతృప్తి ఎలా వ్యక్తం చేయగలరు? ఇందులో విచక్షణ లోపించింది."

"వాళ్లు చెప్పిన పాఠాలతోనే గదా సార్ పిల్లోళ్లు పాసయింది. వాళ్లు దిద్దిన పేపర్లకే గదా మీరు పట్టాలిచ్చింది. ఇంకేమి చూడల్ల?" అన్నాడు వన్నూరప్ప. "సంతృప్తి అయితానే డెమోలు ఆపాలని ఉత్తర్వులో ఉండాది. ఆపేయండి సార్."

బయటికి వెళ్లి మెట్ల మీదివాళ్లకు సంగతి చెప్పాడు. ఇంటికి వెళ్లండి, నియామకపు ఉత్తర్వు ఇంటికి వస్తేనే రండి అన్నాడు. కొందరు నమ్మకం కుదరక కాసేపు అక్కడే తచ్చాడారు. మధ్యాహ్నానికి మెట్లు ఖాళీ అయ్యాయి.

మర్నాడు గంట కొట్టారు. పిల్లలు క్లాసుల్లో కూర్చున్నారు. భూగోళశాస్త్రం తప్ప ఇంకే క్లాసులోకీ ఎవరూ రాలేదు. ఇన్నేళ్లలో మొదటిసారి విశ్వవిద్యాలయానికి తన దగ్గర లెక్చరర్లు లేరన్న సంగతి తెలిసింది. పిల్లలు మాత్రం అల్లరి చేయలేదు. ఎవరైనా వస్తారేమోనని మర్యాదగా ఎదురుచూశారు. రెండు రోజులు చూసి, పత్రికలవాళ్లు వస్తున్నారని తెలిసి, చెన్నకేశవులు గారు స్వయంగా అర్థశాస్త్రం క్లాసులోకి వెళ్లారు. ఏళ్ల తరబడి అభ్యర్థులను చూసి చూసి రాటుదేలిన పిల్లలు ఆయన్ను ఆప్యాయంగా ఆహ్వానించి, పేరూ అర్హతలూ చెప్పుకోమన్నారు. ఆయన డిమాండు, సరఫరా దాకా వచ్చి ఆగిపోయారు. ముందు బెంచీలో కుర్రాడు లేచి మంచినీళ్ల సీసా అందించాడు.

"బెదరొద్దు సార్. ఫస్టు డెమో అందరికీ ఇట్లే ఉంటాది" అన్నాడు.

రిజిస్ట్రార్ గారు ఆ గదిలోంచి నేరుగా ఆఫీసుకు వెళ్లారు. ఏళ్లుగా కదలని నియామకాలు వారం తిరగకుండా అయిపోయాయి. సునామీని ఎడారికి తెచ్చినాయనకు కూడా ఉత్తర్వు అందింది. ఆయన వన్నూరప్ప విభాగంలోనే చేరి, వచ్చిన రోజే ఎడారుల పాఠం తనకు నేర్పమని అడిగాడు. రేష్మా అక్కడే రీసెర్చిలో చేరింది.

ఇంత వేగంగా నియామకాలు జరగడం ప్రభుత్వాన్ని ఆశ్చర్యపరిచింది. పోస్టు ఖాళీగా ఉంటే మనిషిని నియమించడమనే ఈ వినూత్న విధానాన్ని అధ్యయనం చేయడానికి ఒక కమిటీ వేసింది. కమిటీవారు వన్నూరప్పకు లేఖ రాశారు. తమరు రాజధానికి విచ్చేసి, సదరు విధానంపై ఒక గంట ప్రదర్శనోపన్యాసం ఇవ్వవలసిందని, సంతృప్తి కలిగినచో దానిని రాష్ట్రమంతటా అమలుపరిచే విషయం పరిశీలించగలమని కోరారు. కింద తేదీ, సమయం వేశారు.

వన్నూరప్ప టైంటేబుల్ చూసుకున్నాడు. ఆ సమయానికి తనకు క్లాసు ఉందని జవాబు రాశాడు.